మంజీరకు జడ

1985 అక్టోబర్ 25

ఈ డైరీ మా ఆయన దగ్గరికి వచ్చే క్లయింటు ఎవరో జనవరిలో ఇచ్చిపోయాడు. అట్ట మరీ ఎర్రగా ఉందని వకీలు గారు ముట్టుకోలేదు. పది నెలలు అలమారలో పడి ఉంది. ఇవాళ దుమ్ము దులిపి నేను తీసుకున్నాను. ఇందులో నేనేం రాసినా దిద్దేవాడు లేడు. వారపత్రిక ఎడిటర్ గారి ఎర్ర పెన్ను కరీంనగర్ దాకా రాదు.

ఎడిటర్ ఇవాళ పాఠకుల ఉత్తరాల కట్ట పంపించాడు. ముప్పై ఒకటి. అన్నీ మంజీర క్రాపు మీదే. నా సీరియల్లో మంజీర స్కూటర్ నడుపుతుంది, గోడ దూకుతుంది, బస్సులో చెయ్యి వేసినవాడి చెంప పగలగొడుతుంది, పోలీసు స్టేషన్‌లో కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. ఇరవై వారాలుగా ఇవేవీ ఎవరికీ పట్టలేదు. జుట్టు పట్టింది. తెనాలి నుంచి ఒక రిటైర్డు హెడ్మాస్టరు రాశాడు: "మీ మంజీరను చూసి మా మనవరాలు జుట్టు కత్తిరించుకుంటానని మొండికేసింది, బాధ్యత మీదే." నిజామాబాద్ నుంచి ఒక అమ్మాయి ధైర్యం చేసి మంగలి షాపులో కూర్చుందట. మంగలి లేచి బయటికి పోయి, ఆమె వెళ్ళిపోయే దాకా లోపలికి రాలేదట.

హెడ్మాస్టరు మనవరాలికి నేను బాధ్యురాలినా? ఆయన ఒకసారి మా ఇంటికి వచ్చి చూడాలి. నా బిడ్డ ప్రమోదిని జడ మోకాళ్ళు తాకుతుంది. పంతొమ్మిదేళ్ళు నా చేత్తో నూనె పెట్టి, పనిమనిషి పోశవ్వ చేత కుంకుడురసంతో తలంటించి పెంచిన జడ. కాలేజీలో ప్రమోదిని ఎవరంటే తెలియదంటారు, జడ పిల్ల అంటే గేటు దగ్గర వాచ్‌మన్ కూడా చూపిస్తాడు.

నాకు కోపం లేదు. ముప్పై ఒక్క ఉత్తరాలూ పొయ్యిలో పెట్టాను, అంతే.

అక్టోబర్ 27

ధర్మపురి నుంచి రుక్మాబాయి వదినె దిగింది. మా ఆయనకు అక్క. వచ్చిందంటే ఏదో మోసుకునే వస్తుంది, చెప్పే దాకా చెప్పులు కూడా విప్పదు.

"సరళా, ఇచ్చోడోళ్లు మన పిల్లను చూసిండ్రు. సద్దుల బతుకమ్మ నాడు గోదావరి ఒడ్డున ఆడుతుంటే, రామకిషన్‌రావు భార్య ఎన్కకెల్లి వచ్చి జడ మూరేసింది. పిల్లకు తెల్వనే తెల్వదు. మూడు మూరలకు నాలుగు వేళ్లు తక్కువట. గప్పట్నుంచి ఆమెకు నిద్ర వడ్తలేదు."

"ముఖం చూసిందా?" అని అడిగాను.

"ముఖానికేముంది, అందరికి ఉంటది," అంది వదినె.

పిల్లవాడు వాళ్ళ కొడుకు ప్రేమ్‌సాగర్‌రావు. ఇంజనీరు. ఇచ్చోడలో పత్తి మిల్లు. డిసెంబర్ ఒకటిన వచ్చి పూలూ పండ్లూ పెట్టి మాట ఖాయం చేసుకుంటారట, మాఘంలో పెళ్ళి. మా ఆయన బాలకిషన్‌రావు తల ఊపాడు. కోర్టులో గంటలు గంటలు వాదించే మనిషి ఇంట్లో తలతోనే పని కానిస్తాడు.

ప్రమోదిని గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నది. డిగ్రీ అయ్యాక వరంగల్ పోయి ఎమ్మెస్సీ చదువుతానని ఎండాకాలం నుంచి ఒకటే పాట. పెళ్ళయ్యాక చదువుకోవద్దని ఎవరన్నారు? అది ఏమీ అనలేదు. అంటే ఇష్టమే అన్నమాట.

నవంబర్ 3

ఇరవై ఏళ్ళుగా సీరియల్స్ రాస్తున్నాను. ఎవరికీ చెప్పని సంగతి ఇక్కడ రాసుకుంటాను. ఆడపిల్ల గుణం రాయనక్కరలేదు. జుట్టు రాస్తే చాలు.

రెండు జడలు మడిచి రిబ్బన్లు కడితే అమాయకురాలు, మూడో వారంలో ఎవడో మోసం చేస్తాడు. నడుము దాటిన ఒంటి జడ, అందులో మల్లెపూలు ఉంటే హీరోయిన్. జుట్టు విరబోసుకుంటే విలన్ చెల్లెలు. ముడి వేసుకుంటే టీచరు, ఇక ఆమెకు పెళ్ళి కాదు. (నాదీ ముడే. నేను టీచరును కాను, పెళ్ళీ అయింది. కథలకు నేను పనికిరాను.) క్రాపు కొట్టించామా, మగరాయుడు. ఆ పిల్ల ఈల వేస్తుంది, జామచెట్టెక్కుతుంది, హీరోను మొదటి వారంలో బురదలో పడేస్తుంది. ఆ పిల్లకు తల్లి ఉండదు. చిన్నప్పుడే చచ్చిపోయి గోడ మీద దండ వేసిన ఫొటోలో ఉంటుంది. తల్లి బతికుంటే క్రాపు ఎలా కొట్టించుకోనిస్తుంది? ఇది నేను కనిపెట్టింది కాదు. అందరమూ ఇలాగే రాస్తాం.

ఆఖరి వారానికి మగరాయుడికి జుట్టు పెరగాలి. ప్రేమ పుడితే జుట్టు పెరగడం మా లోకంలో సైన్సు. ఇప్పటికి నా చేత్తో ముగ్గురు మగరాయుళ్ళకు జడలు వేసి పీటల మీద కూర్చోబెట్టాను. మంజీరకు మాత్రం వెయ్యను. మంజీర క్రాపుతోనే వస్తుంది, క్రాపుతోనే పోతుంది. రాసి పెట్టుకుంటున్నాను.

ఈ మాట పొద్దున తల దువ్వుతూ ప్రమోదినికి కూడా చెప్పాను. రోజూ ఆ గంటసేపే దాని నోటి వెంట మాటలు వస్తాయి. పీట మీద నా ముందు కూర్చుని, కాలేజీలో ఎవరిని ఏమన్నదీ, బస్సులో ఎవణ్ణి తిట్టిందీ అన్నీ చెబుతుంది. మధ్యాహ్నానికి అవి మంజీర మాటలవుతాయి. తల్లీకూతుళ్ళ మధ్య అందులో తప్పేముంది?

"నిజంగనేనా? ఆఖరి దాక క్రాపేనా?" అంది.

"నిజంగనే," అన్నాను.

అద్దంలో నవ్వింది. ఈ మధ్య అలా నవ్వడం చూడలేదు.

నవంబర్ 9

ఎడిటర్ గారి ఉత్తరం. "సరళాదేవి గారూ, ఇంకో నాలుగు వారాల్లో ముగించెయ్యండి. మంజీరకు జడ రావాలండీ. మహిళా పాఠకులు కూడా అదే కోరుతున్నారు. చివరి సీన్లో మోకాళ్ళ దాకా జడతో హీరో ముందుకు వస్తుంది. బొమ్మ కూడా ఆర్టిస్టుకు చెప్పేశాను."

బొమ్మ ముందు గీయించాడు! నా మనుషుల మాటలన్నీ వాళ్ళ కృష్ణా ఒడ్డు మాటలుగా మార్చినప్పుడు ఊరుకున్నాను. కథలో పోశవ్వను పోలమ్మ చేసినప్పుడు ఊరుకున్నాను. ఇది ఒప్పుకోను. ఒప్పుకోనని నాలుగు పేజీలు రాశాను.

పోస్టు చెయ్యలేదు. దీపావళి పని ఉంది.

నవంబర్ 14

ఆలోచిస్తే జడ సంగతి ఎడిటర్ చెప్పకముందే నా మనసులో ఉంది. మంజీర కూడా ఆడపిల్లే కదా.

నవంబర్ 16

ఆఖరి వారం రాసేశాను. జడ బాగా వచ్చింది. "నల్లని తాచులా" అని రాసి కొట్టేశాను, అది ప్రతివాడూ రాస్తాడు. ప్రమోదిని జడ ఎదురుగా ఉండగా నాకు తాచులెందుకు? దాన్నే చూసి రాశాను.

నవంబర్ 17

చదివింది. బల్ల మీద పెట్టడం నాదే తప్పు.

"అమ్మా, మంజీర గిట్లెట్ల మారింది?"

"ప్రేమించింది, మారింది. కథ."

"నెల కింద చెవులు కనవడ్డయి. నెలల మోకాళ్ల దాక ఎట్ల పెరిగింది?"

"నీకెందుకు? పాఠకులకు కావాలె."

"మంజీర మాటలన్నీ నావి. ఒక్క జుట్టే నాది కాదు. గదొక్కటన్న ఆఖరి దాక ఉంటదనుకున్న. గది గూడ నాది తీసుకపోయి పెట్టినవ్."

ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా అన్నాను. ఇచ్చోడ వాళ్ళు వచ్చే లోపు ఈ మొండితనం తగ్గించుకొమ్మన్నాను. నేను వాళ్ళను చేసుకోనని అంది. చేసుకుంటావన్నాను. వరంగల్ అంది. వరంగల్ ఎక్కడికీ పోదన్నాను. కంచం వదిలేసి లేచింది.

నాకు కోపం లేదు. ఆకలైతే అదే తింటుంది.

నవంబర్ 18

కోసేసింది.

నవంబర్ 19

జరిగింది వరసగా రాస్తాను.

నిన్న కార్తీక సోమవారం. పొద్దున తనే వచ్చి పీట మీద కూర్చుంది. "అమ్మా, జడ గట్టిగ వెయ్యి. పైన గూడ దారం కట్టు, సడలొద్దు," అంది. రాత్రి అలక తీరిందని మురిసిపోయాను. ప్రతి పాయా లాగి లాగి అల్లాను. పైనా కిందా నల్లదారం కట్టాను. గుడికి వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి పోశవ్వ వాకిట్లో కూలబడి ఏడుస్తోంది. "దొర్సానీ, నేను పెరట్ల బోళ్లు తోముతున్న. నాకేం తెల్వది. అయిపోయింది దొర్సానీ." మా ఆయనకేదో అయిందనుకుని లోపలికి పరుగెత్తాను.

నా రాతబల్ల మీద ఆఖరి వారం కాగితాలున్నాయి. వాటి మీద జడ ఉంది. నేను కట్టిన దారాలు కట్టినట్టే ఉన్నాయి. బల్ల చాలక సగం కిందికి వేలాడుతోంది. పక్కన నేను రవికెలు కత్తిరించే పెద్ద కత్తెర. కుర్చీలో ప్రమోదిని పుస్తకం చదువుకుంటోంది. మెడ మీద జుట్టు వంకరటింకర, ఒక చెవి కనిపిస్తోంది, ఇంకోటి జుట్టు కింద ఉంది.

"మంజీరకు జడ కావాలన్నవ్ గద. పెట్టు," అంది.

చెంప మీద కొట్టాను. రెండోసారి ఎత్తిన చెయ్యి పట్టుకుంది. దాని చెయ్యి అంత గట్టిదని నాకు తెలియదు.

"మంజీరకు తల్లి లేదు. అదృష్టవంతురాలు," అంది.

ఆ మాట ఇక్కడ రాయకూడదనుకున్నాను. రాశాను.

సాయంత్రం మా ఆయన కోర్టు నుంచి వచ్చి నల్లకోటు విప్పకుండానే నిలబడిపోయాడు.

"ఎవరు చేసిండ్రు?"

"నేనే, బాపు."

"ఎందుకు?"

"అమ్మ కథ చదివి."

ఇరవై ఏళ్ళలో నా కథ ఒక్కటీ చదవని మనిషి నా వైపు తిరిగి ముద్దాయిని చూసినట్టు చూశాడు.

నవంబర్ 20

ఇంకా పదకొండు రోజులు. వదినెకు తెలిస్తే ధర్మపురి నుంచి ఇచ్చోడ దాకా తెలుస్తుంది. "రచయిత్రి బిడ్డ క్రాపు కొట్టుకుందట" అంటారు. ఇది క్రాపు కాదు, నా ముఖాన పేడ కొట్టడం.

ఆఖరి వారం పోస్టు చేసి వచ్చాను. కాగితాలకు రెండు వెంట్రుకలు అంటుకుని ఉంటే ఊది పారేశాను.

నవంబర్ 21

ఉపాయం దొరికింది. కథల్లో ఎన్ని చిక్కులు విప్పలేదు, ఇంట్లోది విప్పలేనా?

ఏడేళ్ళప్పుడు ప్రమోదినికి టైఫాయిడ్ వచ్చింది. ఇరవై ఒక్క రోజులు కళ్ళు తెరవలేదు. అది నిజం. అప్పుడు వేములవాడ రాజన్నకు దాని తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను, పెళ్ళికి ముందే తీర్చాలి, కార్తీకం కనుక ఇప్పుడే తీరుస్తున్నాను. ఈ మొక్కు ఒక్కటీ నేను కలిపింది. గుండు అయిన తల మీద అంతకుముందు జడ ఉందో క్రాపు ఉందో ఎవరు చెప్పగలరు? ఇచ్చోడ ఆమె ఆ తలను తాకి కళ్ళకు అద్దుకుంటుంది.

వదినెకు కార్డు రాసి పడేశాను.

మా ఆయనకు చెబితే, "రాజన్నను సాక్షిగ తెస్తున్నవ్, జర పైలం," అన్నాడు. ఆయనకు అన్నీ కేసులే.

రాజన్న మా ఇంటి దేవుడు. మా అవ్వ ఆయన పేరు వినబడితే చేతిలో రొట్టె పిండి ఉన్నా దండం పెట్టేది. ఆయన పేరు మీద లేని మొక్కు చెప్పినవాళ్ళు మా వంశంలో లేరు. కానీ ఇచ్చేది నిజం జుట్టే కదా. ఎప్పుడు మొక్కితేనేం, జుట్టు అందితేనే కదా ఆయనకు లెక్క.

ప్రమోదినికి చెప్పాను. గోల చేస్తుందనుకున్నాను. నా ముఖం వైపు చూసి, "నా క్రాపును గూడ మొక్కు చేసినవా?" అంది. తర్వాత, "సరే, పోదాం," అంది. భయపడింది.

నవంబర్ 25

వేములవాడ. కార్తీక సోమవారం, ఇసుక వేస్తే రాలనంత జనం. తలనీలాలు తీసే చోట మా వరసకు మొండయ్య అనే ముసలాయన ఉన్నాడు. ప్రమోదిని తల మీది కొంగు తీయగానే కత్తి పక్కన పెట్టాడు.

"అమ్మా, గిది ఇప్పటికే కోసిన తల. దేవునికి సగం తెచ్చిండ్రా?"

సంచిలోంచి జడ తీసి ఆయన ముందు పెట్టాను. పిల్లే తొందరపడి కోసుకుందని చెప్పాను. ఆయన జడను రెండు చేతుల్లోకి తీసుకుని బరువు చూశాడు. "గిసొంటి జడ చూసి పదేండ్లయితుంది," అన్నాడు. "మూడు కత్తెర్లా అమ్మా, గుండా? ఆడోళ్లు శానమంది మూడు కత్తెర్లే ఇస్తరు."

"గుండు," అన్నాను.

ప్రమోదిని తల వంచి కూర్చుంది. ఏడవలేదు. కత్తి నడుస్తుంటే ముసలాయనతో మాటలు పెట్టుకుంది.

"తాతా, ఒకసారి ఇస్తే మొక్కు తీరినట్టేనా?"

"మొక్కిన తీరు, బిడ్డా. కొందరిది ఒక్కసారిది. కొందరిది ఏటేటిది. గంభీరావుపేట నుంచి ఒకామె పద్నాలుగేండ్ల సంది వస్తుంది."

"పెండ్లయినామేనా? ఇంట్లోళ్లు ఏమనరా?"

"రాజన్నకిచ్చేదాన్ని ఎవలు వద్దంటరు, బిడ్డా?"

"నిజమే," అంది ప్రమోదిని. నన్ను చూసి నవ్వింది కూడా.

గుండుకు గంధం నేనే రాశాను. కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి, రాతి స్తంభానికి కట్టేసి మొక్కు ముగించాం. బస్సులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. దేవుడి దగ్గరికి పోతే ఎంత మొండితనమైనా దిగుతుంది. నేను ముందే తీసుకుపోవాల్సింది.

డిసెంబర్ 1

రాయాలి. రాయకపోతే పిచ్చెక్కుతుంది.

పదకొండింటికి కారు దిగారు. రామకిషన్‌రావు, భార్య, ప్రేమ్‌సాగర్‌రావు, వెనక వదినె. ప్రమోదిని గుండు మీద పల్చటి కొంగు కప్పుకుని టీ పళ్ళెంతో వచ్చింది. ఇచ్చోడ ఆమె లేచి కొంగు జరిపి, ఆ తల మీద చెయ్యి పెట్టి, చెయ్యి కళ్ళకు అద్దుకుంది. నేను రాసుకున్నట్టే.

"గీ కాలపు పోరీలు దేవునికి జుట్టిస్తరా వదినా? అందం పోతదని ఏడుస్తరు. బంగారం లెక్క పెంచినవ్ పిల్లను. జుట్టుదేముంది, మాఘం దాక కొంచెం వస్తది, సవరం కడ్దాం."

నేను వదినె వైపు చూశాను. వదినె నా వైపు చూసింది. మా ఇద్దరికీ ఇన్నేళ్ళలో అంత స్నేహం ఎప్పుడూ లేదు.

ప్రమోదిని పళ్ళెం కింద పెట్టి, చాప మీద ఆమె కాళ్ళ దగ్గర బుద్ధిగా కూర్చుంది.

"అత్తమ్మా, ఒకమాట. పెండ్లికి ముందే చెప్తే మంచిది. గీ మొక్కు ఒక్కసారిది కాదు."

"అంటే?"

"ఏటేటా కార్తీకంల గుండియ్యాలె. నేను బతికినన్నేండ్లు. టైఫాయిడ్ల నా పానం పోతుంటె అమ్మ గట్లనే మొక్కింది. సవరం కట్టినా, కార్తీకం రాంగనె మల్ల గుండే."

ప్రేమ్‌సాగర్‌రావు టీలో ముంచిన బిస్కెట్ సంగతి మరిచిపోయాడు. అది విరిగి కప్పులో పడింది.

ఇచ్చోడ ఆమె నా వైపు తిరిగింది. "నిజమేనా వదినా?"

"కాదు, అది ఏదో..." అన్నాను.

"అమ్మ సిగ్గువడ్తుంది అత్తమ్మా. నా తల మీద చెయ్యి వెట్టి, రాజన్న మీద ఒట్టేసి చెప్పమనుండ్రి. ఒక్కసారిదే మొక్కిన అని ఒట్టేస్తే, నేను మారుమాట లేకుంట పీటల మీద కూసుంట."

గుండు నా ముందుకు వంచింది. పొద్దున రాసిన గంధం ఇంకా చెవుల వెనక ఉంది.

ఒక్కసారిదీ మొక్కలేదు, ఏటేటిదీ మొక్కలేదు. ఏది ఒట్టేసినా అబద్ధమే. ఇరవై ఒక్క రోజులు కళ్ళు తెరవని తల అది. దాని మీద చెయ్యి పెట్టి ఆయన పేరు ఎత్తమంటుంది. అసలు మొక్కే లేదని చెబితే గుండు ఎందుకైందో చెప్పాలి, గుండు చెబితే కత్తెర చెప్పాలి. మా ఆయన కుర్చీలో ముందుకు వంగి చూస్తున్నాడు. కోర్టులో కూడా అంత శ్రద్ధగా కూర్చుంటాడో లేదో.

నా చెయ్యి లేవలేదు.

"నిజమే," అన్నాను. "ఏటేటా."

ఇచ్చోడ ఆమె లేచి రెండు చేతులూ జోడించింది. నాకు కాదు, ప్రమోదినికి. "రాజన్నకు నేను ఎదురు చెప్ప బిడ్డా. అట్లని ఇంటికి పెద్ద కోడలు ఏటేటా గుండుతోని తిరిగితే మా ఊర్ల ఏమనుకుంటరు? గది మాతోని కాదు. తప్పు వట్టకు." తెచ్చిన పండ్లు కూడా వెనక్కి తీసుకుపోలేదు. దేవుడి పిల్లకని వదిలిపెట్టారు.

వదినె నన్ను నానా మాటలూ అని వాళ్ళ కారులోనే పోయింది. "మొక్కితే మొక్కినవ్, ఏటేటా అని ఎవలు మొక్కుమన్నరు నిన్ను?" అని గేటు దాకా అరిచింది.

ప్రమోదిని మిగిలిన బిస్కెట్లు తిన్నది.

డిసెంబర్ 2

ఆ పిల్ల మొహం నేను చూడను.

డిసెంబర్ 3

చూడను.

డిసెంబర్ 20

ఆఖరి వారం వచ్చింది. బొమ్మలో మంజీర జడ నేల మీద జీరాడుతోంది, హీరో దాని కొస ఎత్తి అందిస్తున్నాడు. బాగుందని అందరూ రాస్తారు.

డిసెంబర్ 31

నిజామాబాద్ అమ్మాయి మళ్ళీ రాసింది. ఒకటే వాక్యం. "మీరు కూడా మంగలి లాగే లేచి వెళ్ళిపోయారు."

దీన్ని పొయ్యిలో పెట్టలేదు. ఎందుకో తెలియదు, పొయ్యి ఆరిపోయి ఉంటుంది.

1986 ఏప్రిల్ 11

డైరీ అయిపోయింది. వెనక ఖాళీ పేజీలున్నాయి, వాటిలో రాస్తున్నాను.

ప్రమోదినికి పరీక్షల మధ్యలో జ్వరం. డాక్టరు మామూలు జ్వరమే అన్నాడు. నేను మూడు రోజులు నిద్రపోలేదు. ఏటేటా అని నలుగురి ముందు ఆయన పేరు మీద ఒప్పుకున్నాను. ఆయన విన్నాడు. ఇప్పుడది లేని మొక్కు కాదు.

జూలై 28

వరంగల్ పోయింది. మా ఆయనే తీసుకుపోయి హాస్టల్లో దించి వచ్చాడు. "ఏటేటా గుండయ్యే పిల్లకు సంబంధాలు వచ్చేదాక చదువుకోనీ," అన్నాడు. నవ్వుతున్నాడా అని చూశాను. పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

సెప్టెంబర్ 14

ఫొటో పంపింది. సైకిల్ మీద ఉంది. జుట్టు పెరగనివ్వలేదు, చెవుల మీదికి కత్తిరించుకుంది. ఈసారి సమంగా ఉంది. ఎవరు కత్తిరించారో.

కొత్త సీరియల్ అడుగుతున్నాడు ఎడిటర్. హీరోయిన్ జుట్టు ఎలా ఉంటుందో తేలక మొదటి పేజీ దగ్గరే ఉన్నాను.

నవంబర్ 6

కార్తీకం మొదలై నాలుగు రోజులైంది. మొక్కు సంగతి గుర్తు చేస్తూ ఇప్పటికి మూడు కార్డులు రాశాను. ఇవాళ జవాబు వచ్చింది. "పదిహేడో తారీఖు సోమవారం. నేను సీద వేములవాడకే వస్త. నువ్వు గూడ రా." కింద సంతకం లేదు. నా రక్తం పంచుకుని పుట్టిన పిల్ల ఎడిటర్ కన్నా కటువుగా రాస్తుంది.

నవంబర్ 17

మొండయ్య గుర్తు పట్టాడు. "పోయినేడు జడను సంచిల తెచ్చింది మీరే గద. రా బిడ్డా, కూసో," అని ప్రమోదినికి పీట చూపించాడు.

ప్రమోదిని కూర్చోలేదు. చేతులు కట్టుకుని నిలబడింది. "నేను మొక్కలే తాతా. మొక్కినామె గీమె," అంది.

"పిల్ల పేరు మీద గద మొక్కింది..." అన్నాడు ముసలాయన.

ప్రమోదిని నా వైపు తిరిగింది. మెల్లగానే మాట్లాడింది. "అమ్మా, లేని మొక్కు చెప్పింది నువ్వు. దాని మీదికెల్లి ఏటేటా అని ఇంకో అబద్ధం ఆడింది నేను. నా దానికి నేను పోయినేడే గుండిచ్చిన, ముందుగాల్నే. మల్ల ఇయ్య. గీ తల నాది. నీ అబద్ధానికి నువ్వేమిస్తవో ఇయ్యి, లేకపోతే ఇంటికి పోదాం. నేను ఎవలకు చెప్ప."

వెనక వరసలో జనం తోస్తున్నారు. ఎవరిదో పసిపిల్ల గుండు చేయించుకుంటూ గుక్కపట్టి ఏడుస్తోంది. వెళ్ళిపోవచ్చు. వెళ్ళిపోదామని ఒక అడుగు వేశాను కూడా. ఇంటికి పోయి, ఎవరూ చదవని ఈ పేజీల్లో నాకు కోపం లేదని రాసుకోవచ్చు. ఈ డైరీ నిండా అదే రాశాను. ఉంది. ఏడాదిగా ఈ పిల్ల మీద పళ్ళు నూరుతున్నాను. నేను కాగితం మీద కూడా చెయ్యలేని పని ఇది రవికెల కత్తెరతో చేసింది. దాన్ని కాళ్ళ బేరానికి తెచ్చే మొక్కు ఒకటి కనిపెట్టాను, ఆ మొక్కుతోనే నన్ను కట్టేసింది.

పీట మీద నేను కూర్చున్నాను.

మొండయ్య ఒకసారి నన్నూ, ఒకసారి నా మెడలో పుస్తెలనూ చూశాడు. "మూడు కత్తెర్లా అమ్మా, గుండా?" అన్నాడు.

నలభై మూడేళ్ళ వయసు, పెళ్ళైన ఆడది, పేరున్న రచయిత్రి, గుండు. దానికి ఏ గుణం వస్తుందో నా లెక్కల్లో లేదు. ఇలాంటిదాన్ని నేనెప్పుడూ రాయలేదు.

"గుండు," అన్నాను.

ముడి నేనే విప్పుకున్నాను. కళ్ళద్దాలు తీసి చెయ్యి చాస్తే ప్రమోదిని అందుకుంది. అద్దాలు లేకపోతే నాకు ఏమీ కనిపించదు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. జుట్టు ఒళ్ళో పడుతుంటే తెలిసింది, సగం నెరిసిపోయిందని.

అయ్యాక గంధం ప్రమోదిని రాసింది. గట్టిగానే రాసింది.